గాలి రాసిన ఆకు

పార్థు వేలికి తగిలించిన క్లిప్పు మీద తొంభై తొమ్మిది అని పచ్చటి అంకె వెలుగుతోంది. ఒంట్లో ఆక్సిజన్ నిండుగా ఉందని దాని అర్థం. మనిషి మాత్రం కళ్లు తెరవడం లేదు.

"పార్థూ! ఇటు చూడు. నేను, సులోచనని!"

భర్త భుజం పట్టుకుని కుదిపింది సులోచన. అతని తల అటు వాలిపోయింది. నోటి చివర నురగ ఎండి తెల్లగా చారకట్టింది. చొక్కాలోంచి గుప్పుమని పురుగుమందు వాసన. ముఖం మాత్రం ఏ జబ్బూ లేనట్టు కళగా ఉంది. పెదాలు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. అదే ఆమెని ఎక్కువ భయపెడుతోంది.

"జరగండమ్మా," అంటూ డాక్టర్ తబస్సుమ్ టార్చి వేసి అతని కనుపాపలు చూసింది. రాజమండ్రిలోని ఆ చిన్న ఆసుపత్రికి ఆ పూట ఆవిడొక్కతే డాక్టరు. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట తొణకదు. "ఎక్కడ పడిపోయారు?"

"మా డాబా మీద, మొక్కలు పెంచే టెంటులోనండి. పదింబావుకి లోపలికెళ్లాడు. పదీ నలభైకి నేను వెళ్లి జిప్పు లాగాను. బుస్సుమని చప్పుడైంది. చూస్తే కింద పడున్నాడు."

"లోపల ఏం పీల్చారు?"

"పక్క తోటలో గులాబీలకి పొద్దున్నుంచీ మందు కొడుతున్నారండి. టెంటుకి గాలొచ్చే కన్నం అటువైపే ఉంది. అదేనంటున్నాడు మా నాన్న."

"టెంటులో మంటేమైనా ఉందా?"

"చిన్న గ్యాస్ పొయ్యండి. తొమ్మిదింటికి వెలిగించి పదింబావుకి ఆర్పేస్తాం. దాన్నించొచ్చే కార్బన్ డయాక్సైడ్ మొక్కలకి తిండి. కానీ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఏడాదిగా రోజూ చేస్తున్నదే."

తబస్సుమ్ టార్చి ఆర్పి గొంతు తగ్గించింది.

"సూటిగా చెప్తాను. ఇది రెండింట్లో ఒకటి. పురుగుమందయితే ఇతన్ని ఈ మంచం మీంచి కదపకూడదు. నేను పక్కనే ఉండి విరుగుడు ఇంజక్షన్లు చేస్తూ ఊపిరి కాపాడాలి. కదిపితే దార్లోనే ప్రాణం పోతుంది. కార్బన్ మోనాక్సైడయితే ఇక్కడ ఉంచకూడదు. విశాఖలో ఒత్తిడి పెట్టి ఆక్సిజన్ ఎక్కించే గది ఉంది. ఆరు గంటల్లోపు అందులో పడుకోబెట్టాలి. లేకపోతే బతికినా మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు."

"మరి ఈ తొంభై తొమ్మిది?"

"ఈ క్లిప్పుకి రక్తం ఎర్రగా ఉంటే చాలు. ఆ ఎరుపు ఆక్సిజన్ వల్లొచ్చిందా, మోనాక్సైడ్ వల్లొచ్చిందా అన్నది దానికి తెలీదు. అది చెప్పగలిగే మిషను మా దగ్గర లేదు. శాంపిల్ పంపించాను, రేపటికి వస్తుంది." ఆవిడ గోడ గడియారం చూసింది. పదకొండూ పది. "దారి నాలుగు గంటలు. అంబులెన్స్‌ని గేటు దగ్గర పెట్టిస్తాను. అది పన్నెండున్నరకి కదలాలి. ఆలోపు ఆ టెంటులో ఏ గాలి ఉందో నాకెవరైనా తేల్చి చెప్పాలి."

సులోచన చప్పున తలెత్తింది.

"చెప్పగలిగింది ఒకటుందండి. మనిషి కాదు, ఆకు!"

ఆవిడ ‘ఏ ఆకు?’ అని అడిగేలోపు సులోచన మెట్లు దిగిపోయింది.

* * *

బుల్లబ్బాయి ట్రాలీ ఆటో కడియం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. వెనక ఖాళీ కుండీలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఇందాక పార్థుని ఆసుపత్రికి చేర్చింది ఈ బండే. మందు కొట్టిన గులాబీలు కూడా ఈ బుల్లబ్బాయివే.

"అమ్మా సులోచనా, మందు కొట్టిన మాట నిజమే, ఆయ్. నా పూలకి పేను పట్టింది, నా తోటలో కొట్టుకున్నాను. మీ ఇంటి మీదకి కొడతానా?"

"ముందు చూసి తోలు బాబాయ్."

"పొద్దున్నే పార్థుబాబొచ్చి గొడవేసుకున్నాడు. మందు తెరలోంచే నడుచుకుంటా వచ్చాడు. ఆ చొక్కాకి వాసన అప్పుడంటుకుందే. నేనూ ఓ మాటన్నాను. ‘నా వైపు కన్నం పెట్టుకుని నా గాలి లాక్కుంటారా’ అన్నాను. అంటే చంపేసినట్టేనా? చంపేవాణ్ణయితే లోడు సగంలో దింపేసి నేనే ఎత్తుకొస్తానా?"

సులోచనకి నమ్మాలనీ ఉంది, తిట్టాలనీ ఉంది. తలలో మాత్రం గడియారం ముల్లు తిరుగుతోంది.

రెండేళ్ల క్రితం హైదరాబాదులో ఆమె పనిచేసే ల్యాబు ఆమె మొక్కల ప్రాజెక్టుని మూసేసింది. పారేయమన్న తమలపాకు తీగ ముక్కలు ఆరింటిని తడిగుడ్డలో చుట్టి, అడిగి మరీ తెచ్చుకుంది. అవి మామూలు తమలపాకులు కావు. కొత్త ఆకు విచ్చుకునేటప్పుడు పావుగంటకో సన్నటి గీత గీసుకుంటుంది. ఆ పావుగంటలో ఏ గాలి పీల్చిందో ఆ రంగు గీత. ఊక పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చుని, ఊపిరితిత్తులు పాడై చనిపోయింది సులోచన తల్లి. ఇంటికో తీగ ఉంటే ఆ ఇంటి గాలి సంగతి అదే రాసి చూపిస్తుందన్నది కూతురి ఆశ.

తీగకి ఎప్పుడూ ఒకేలాంటి గాలి కావాలి. అందుకే టెంటు. మోటార్లకి వైండింగ్ చేసే పార్థు, పీవీసీ గొట్టాలతో చట్రం కట్టాడు. లోపల వెండిరంగు షీటు, బయట నల్లగుడ్డ, కింద దోమతెర వేసిన కన్నం, పైన తన చేత్తో రాగితీగ చుట్టిన ఫ్యాను.

"మొక్కకి ఫ్యానేంటండి అల్లుడుగారూ! అదేవన్నా కొత్త పెళ్లికొడుకా?" అని నవ్వాడు మామగారు సత్తిరాజు.

"ఇంటికి రాకపోకలున్నట్టే దీనికీ ఉండాలండి మావయ్యగారూ. చల్లగాలి కింద నుంచి రావాలి, వేడిగాలి పై నుంచి పోవాలి. నిమిషానికోసారి లోపల గాలంతా మారిపోవాలి. రాకపోకలు ఆగిపోతే ఇల్లయినా టెంటయినా పాడే."

ఆ మాటన్నవాడు ఇప్పుడు మాట లేకుండా పడున్నాడు.

"ఇంకా తొందరగా పోనీ బాబాయ్!"

* * *

డాబా మీది రేకుల గదిలో ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. టెంటు ఒక పక్క నిలువునా చీరుకుపోయి ఉంది. పార్థుని బయటికి లాగేటప్పుడు సత్తిరాజు అంట్లు కట్టే కత్తితో కోసిన కోత అది. హెడ్ కానిస్టేబుల్ తాతారావు ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. సత్తిరాజే ఫోను చేసి ఆయన్ని పిలిపించాడు.

"ఎలా ఉన్నాడే అల్లుడు?" అంటూ ఎదురొచ్చాడు సత్తిరాజు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. చుట్టుపక్కల నర్సరీల్లో మామిడంటు కట్టడానికి ఆయన తరవాతే ఎవరైనా. మోచేతుల దాకా గోనెపీచు అంటుకుని ఉంది. అది ఆయనకి ఎప్పుడూ ఉండేదే.

"స్పృహ లేదు నాన్నా. తప్పుకో, ఆకు కావాలి."

"ఆకేంటే ఇప్పుడు? హెడ్డుగారూ, రాసుకోండి. ఆ బుల్లబ్బాయి గాడి మందే. అదిగో ఆ కన్నంలోంచే లోపలికొచ్చింది. పార్థుగారు పొద్దున్నే మర్యాదగా చెప్పారు, ఆపమని. ఆపాడా?"

"కింది కన్నం తెరిచే ఉందండి, పైదీ తెరిచే ఉంది," అన్నాడు తాతారావు. "ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. అన్నీ ఫొటోల్లో ఉన్నాయి. లోపలేం తేడా లేదు. బయట నుంచొచ్చిందే అయుండాలి."

సులోచన చీలికలోంచి లోపలికి దూరింది. పెద్ద తీగకి ఇవాళ విచ్చుకున్న ఆకు కోసింది. కిటికీ వెలుగుకి పట్టి భూతద్దం పెట్టింది.

ఆరు గంటల నుంచి లెక్క. గంటకి నాలుగు గీతలు. ఆరు, ఏడు, ఎనిమిది అన్నీ లేతాకుపచ్చ. తొమ్మిదికి పొయ్యి వెలిగించాక లేత పసుపు. అది రోజూ ఉండేదే. తొమ్మిదిన్నర దాటాక...

ఆమె ఆకుని వెలుగుకి ఇంకా దగ్గరగా పెట్టింది.

ఎరుపు! మొదట గోరింటాకు వెలిసినట్టు, ఆ తరవాత పండినట్టు, ఆఖరికి పార్థు పెదాల రంగులో. పది ముప్పావు దగ్గర టక్కున ఆగి మళ్లీ లేతాకుపచ్చ. టెంటు కోసిన టైము అదే.

వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఒక ఎర్రటి పదార్థం ఉంటుంది. మన రక్తంలో ఎరుపుకి అది దాయాది. మోనాక్సైడ్ కనబడితే రెండూ ఒకేలా పట్టుకుని వదలవు. ఆ లక్షణాన్నే సులోచన ఈ తీగలోకి దింపింది. అలాంటప్పుడు ఆకు ఎర్రబడాలని కాగితం మీద రాసుకుంది. కళ్లతో చూడటం ఇదే మొదటిసారి.

అంటే నిజంగా అదేనా? పురుగుమందుకి కూడా ఎరుపే వస్తే? తప్పు చెప్పి పార్థుని దార్లో చంపుకుంటే?

రుజువు కావాలి. తీగ ఉన్న చిన్న కుండీలు రెండు చంకన పెట్టుకుంది. వంగినప్పుడు, నిన్న సాయంత్రం నాటిన ఇరవై నాలుగు కొత్త ముక్కలు కంటబడ్డాయి. నిన్న తలలు వేలాడేసినవి ఇవాళ నిటారుగా, నీళ్లు తాగినట్టు మిలమిలా నిలబడ్డాయి. ఆశ్చర్యపోయే టైము లేదు. గడప దగ్గర నీళ్లతొట్టిలో తేలుతున్న గోనె ముక్కని తప్పించుకుని బయటికి దూకింది.

"నేనూ వస్తానే," అన్నాడు సత్తిరాజు. "ఆ బుల్లబ్బాయి గాడి బండి మాత్రం ఎక్కను."

"నా బండి మీద రండి," అన్నాడు తాతారావు. "ఎలాగూ ఆసుపత్రిలోనే కంప్లయింటు రాయాలి."

* * *

ఆసుపత్రి గేటు పక్కన వేపచెట్టు కింద ఇస్త్రీబండి. దాని అవతల అంబులెన్స్ ఆగి ఉంది. టైము పన్నెండు.

"అమ్మా, నాలుగు నిప్పులివ్వండి. నా భర్త ప్రాణం!"

ఇస్త్రీ ఆవిడ మారుమాట్లాడకుండా పెట్టె మూత తీసింది. సులోచన ఇటుక మీద నిప్పులు పెట్టింది, పక్కన కుండీ పెట్టింది, రెంటి మీదా ఆవిడ నీళ్ల బకెట్టునే బోర్లించింది. అంచు చుట్టూ తడి ఇసుక మెత్తింది.

"అలా మూసేస్తే బొగ్గు చచ్చిపోద్దమ్మా," అంది ఆవిడ. "దానికీ గాలాడాల కదా."

"చావకుండా కొనఊపిరితో ఉండాలి. అప్పుడే విషం కక్కుతుంది."

బుల్లబ్బాయి కాసేపు చూశాడు. తరవాత బండి వెనక్కి వెళ్లి, వీపుకి తగిలించుకునే స్ప్రే పంపు తెచ్చాడు. అడుగున ఇంకా పొద్దుటి మందు ఉంది.

"రెండో కుండీ నాకియ్యమ్మా. నా మందు ఏం రాస్తుందో అదీ చూడు. తప్పు నాదైతే ఇక్కడే తేలిపోతుంది."

సులోచన అతని ముఖంలోకి చూసింది. అతను కళ్లు తిప్పుకోవడం లేదు. కుండీ ఇచ్చింది. అతను గోడ అవతలికి తీసుకెళ్లి, దాని చుట్టూ గాల్లోకి మందు కొట్టి, ఒక కవరు కప్పేశాడు.

పావుగంట. ఇంత పొడుగు పావుగంట ఆమె జీవితంలో లేదు. ఇస్త్రీ ఆవిడ గొడుగు పట్టింది. డ్రైవరు బీడీ ముట్టించబోతే, "ఆకు పాడవుద్ది, ఆర్పవయ్యా!" అని బుల్లబ్బాయి కసిరాడు.

పన్నెండూ పదిహేడు. కవరు తీశారు. ఆకు మీద కొత్త గీత పడింది. గీత నిండా నల్లటి చుక్కలు, నువ్వులు చల్లినట్టు.

బకెట్టు ఎత్తారు.

ఎరుపు! అదే ఎరుపు!

సులోచన కెవ్వున అరిచింది. అది ఏడుపో ఆనందమో ఆమెకే తెలీదు. టెంటు ఆకు తీసి పక్కన పెట్టింది. దాని మీద నల్లచుక్క ఒక్కటి లేదు. పొద్దున్నుంచీ తేమగాలి కింద తోటలోనే ఉండిపోయింది, మందు డాబా దాకా రానే లేదు.

"చూశావా తల్లీ!" బుల్లబ్బాయి ఆకుల వైపు వేలు చూపించాడు. "చూశావా!"

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

* * *

తబస్సుమ్ మూడు ఆకుల్నీ కిటికీ అద్దానికి ఆనించి చూసింది. పక్కన మంచం మీద పార్థు పెదాల్ని చూసింది. మళ్లీ ఆకుల్ని చూసింది. అడ్డంగా ఉన్న సిస్టరుని పక్కకి జరిపి ఆక్సిజన్ మీట పూర్తిగా తిప్పింది.

"దీనివల్ల నష్టం లేదు కాబట్టి ఇది చేస్తాను. కానీ బండి ఎక్కించడం వేరే సంగతి."

"ఇంకేం కావాలండి? కళ్ల ముందే ఉంది కదా!"

"ఆకు బాగుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది. కానీ ఇది ఇవాళే మొదటిసారి ఎర్రబడిందని మీరే అంటున్నారు." తబస్సుమ్ తాతారావు ఫోను అందుకుని ఫొటోలు చూపించింది. "ఇదిగో ఫ్యాను తిరుగుతోంది. కన్నాలు రెండూ తెరిచున్నాయి. ఆ పొయ్యి ఏడాదిగా వెలుగుతోంది. ఇంత గాలాడే చోట అంత చిన్న మంటకి ఇంత మోనాక్సైడ్ పుట్టదు. గాలి ఆగి ఉండాలి. ఆగిందా? ఎలా? ఎవరు ఆపారు? అది ఒక మనిషి నోటితో చెప్పించండి, ఈ నిమిషంలో పంపిస్తాను. చొక్కా నిండా మందు వాసనున్న మనిషిని ఆకు మాట మీద నాలుగు గంటలు రోడ్డు మీద తిప్పలేను."

పన్నెండూ ఇరవై రెండు.

వరండాలో సత్తిరాజు గొంతు మోగిపోతోంది. "నల్లచుక్కలంట! చుక్కలు చూపించి తప్పించుకుందామనే? నా ఇల్లు కూల్చాడండి! రాయండి హెడ్డుగారూ!"

"అన్నయ్యగారూ, మీ కాళ్లకి దణ్ణం పెడతాను, నేను కాదు..."

"ముద్దాయి పేరు బుల్లబ్బాయి. ఇంటిపేరేంటి?" తాతారావు కాగితం మీద పెన్ను పెట్టాడు.

సులోచన మళ్లీ ఆకు మీదకి వంగింది. ఎరుపు మొదలైన చోటు. దానికి ముందు పసుపు. ఆ రెంటికీ మధ్య ఏదో ఉంది. భూతద్దం దగ్గరికి జరిపింది. వెంట్రుక కన్నా సన్నటి ఊదారంగు చార.

ఆ ఊదా ఆమెకి కొత్త కాదు. ఎరువు గోనెసంచులు డాబా మీదకి చేర్చినప్పుడల్లా ఆకు మీద పడేది. గోనె నేసేటప్పుడు నారకి పట్టించే నూనె వాసన అది. తడిస్తే ఇంకా ఎక్కువ వదులుతుంది.

తడి గోనె. తొమ్మిదిన్నరకి. టెంటుకి ఆనుకుని.

ఒక్కసారిగా అన్నీ కళ్ల ముందు వరసకట్టాయి. పదీ నలభైకి తను గదిలోకి వచ్చినప్పుడు టెంటు నాలుగు వైపులా లోపలికి పీల్చుకుపోయి ఉంది, పళ్లూడిన ముసలావిడ బుగ్గల్లాగా. ఫ్యాను గాలిని బయటికి లాగుతోంది, లోపలికి రావడానికి దారి లేదు. అందుకే జిప్పు లాగగానే బుస్సుమంది. నిన్న వాడిపోయిన ముక్కలు ఇవాళ నిటారుగా నిలబడ్డాయి. గాలి తగలని కొత్త ముక్క అలాగే నిలబడుతుంది. తొట్టిలో గోనె ముక్క నానుతోంది.

నిన్న సాయంత్రం నాన్న ఆ ముక్కల ముందు గొంతుక్కూర్చుని, "గాలెక్కువై వాడిపోతున్నాయే అమ్మాయ్," అన్నాడు. "నీకు తెలీదు నాన్నా. దీంట్లో వేలు పెట్టకు," అంది తను. మొహం కూడా చూడకుండా అంది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, కిందకి వెళ్లిపోయాడు.

ఆమె తలెత్తి వరండాలోకి చూసింది. ఊగిపోతూ అరుస్తున్న ఆ మనిషి మోచేతుల మీద గోనెపీచు.

ఆయనకి తెలీదు. అబద్ధమాడటం లేదు. ఈ క్షణానికీ ఆయనకి తెలీదు.

చెబితే నాన్న. చెప్పకపోతే పార్థు.

బయట అంబులెన్స్ హారన్ కొట్టింది. పన్నెండూ ఇరవై ఆరు.

ఆమె తండ్రి ముందుకెళ్లి నిలబడింది. అరుపు ఆపి ఆయన కూతురి ముఖం చూశాడు.

"ఏంటే? అల్లుడికి..."

"ఉన్నాడు. నాన్నా, నన్నొక్క మాట అడగనియ్యి. కొత్త ముక్కలు నాటాక మనం మొట్టమొదట ఏం చేస్తాం?"

"ఇప్పుడా అడిగేది?"

"చెప్పు నాన్నా."

"కడియంలో చీపురు పట్టిన పిల్లనడిగినా చెప్తది," అన్నాడు విసుగ్గా. "కొత్త ముక్కకి గాలి తగలకూడదు. తడి గోనె కట్టి, గాలొచ్చే వైపు మూసేస్తాం. వేరు పట్టేదాకా..."

ఆగిపోయాడు.

నోరు ఇంకా తెరిచే ఉంది. చూపు తన చేతుల మీదకి దిగింది. కుడిచేత్తో ఎడమ మోచేతి మీది పీచు ఒక పోగు లాగాడు. దాన్ని వేళ్ల మధ్య నలిపాడు.

"వాడిపోతున్నాయి కదా అని..." పీచు వంకే చూస్తూ అన్నాడు. "నువ్వు కోప్పడతావని చెప్పలేదు. ఓ గంటలో తీసేద్దామనుకున్నా. కింద కొనేవోళ్లొచ్చారు, మాటల్లో పడిపోయాను. నీ కేక విని పైకొచ్చి, అడ్డం ఉందని లాగి తొట్టిలో పడేశా... అది మూసినట్టని నాకు..."

"ఎన్నింటికండి?" తబస్సుమ్ ముందుకొచ్చింది. "మీరు మూసింది ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నర. రేడియోలో పాటలైపోయాయి. తొమ్మిదిన్నరేనండి."

ఆకు కూడా సరిగ్గా అదే చెప్పింది. తబస్సుమ్ రెండో ప్రశ్న వెయ్యలేదు.

"స్ట్రెచర్! విశాఖకి ఫోన్ చెయ్యండి, గది సిద్ధం చేసి ఉంచమనండి! సిస్టర్, మీరు బండిలో వెళ్తున్నారు!"

వార్డు మొత్తం ఒక్కసారిగా కదిలింది. చక్రాలు గలగలమన్నాయి. బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చి మెట్ల దగ్గర స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నాడు. సులోచన పార్థు చెయ్యి వదలకుండా పక్కన పరిగెత్తింది. మెట్ల మలుపు దగ్గర ఆ చేతివేళ్లు ఆమె అరచేతిలో చిన్నగా, చాలా చిన్నగా బిగిశాయి.

ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. "నాన్నా! వేళ్లు కదిలాయి!"

వరండాలో తాతారావు ఇంకా కాగితం పట్టుకునే ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలీనట్టు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, వాళ్లతో వెళ్లండి. ఇది నేను చింపేస్తాను లెండి. ఇంట్లో జరిగిన పొరపాటు..."

"వద్దండి." సత్తిరాజు భుజం మీది కండువాతో ముఖం తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాడు. "నలుగురి ముందు వాడి పేరు అరిచాను. నలుగురి ముందే తీసెయ్యాలి. బుల్లబ్బాయి పేరు కొట్టేసి, గాలి మూసినవాడి పేరు రాయండి."

తాతారావు తటపటాయిస్తూ పెన్ను తెరిచాడు.

కింద అంబులెన్స్ సైరన్ మోగింది. దానికి మించి, మెట్ల కింద ఉన్న బుల్లబ్బాయికి కూడా వినబడేంత గట్టిగా, ముసలాయన ఒక్కొక్క మాటే చెప్పాడు.

"కోరుమిల్లి సత్తిరాజు."